తుమ్మెద ఎక్కడ దొంగ, ఎక్కడ దొర

తేనెటీగల పెట్టెలు బండికెత్తుకుని పూతల వెంట ఊరూరా తిరిగే మాకు కొత్త ఊళ్ళో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే. "నీ ఈగలు మా పూలల్లో తేనంతా తాగేస్తే మాకు కాయేం మిగుల్తుందయ్యా?" ఏలూరు దగ్గర విజయరాయి వైపు ఎవరూ ఇలా అడగరు, అక్కడ ఈగల్ని పెంచేవాళ్ళు ఉన్నారు. కొత్తచోట మాత్రం వాదనకు దిగను. "బాబాయ్, తెల్లారేసరికి నాతో చేలోకి రా, చూద్దువు గాని" అంటాను.

నువ్వు పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని సాయంత్రానికల్లా రాలిపోతుంది. దాని ఆయుష్షు ఒక్క పగలు. తేనెటీగ లోపలికి దూరితే పైన వంగి ఉన్న కేసరాలు దాని వీపుకి రాసుకుంటాయి. బయటికొచ్చేటప్పటికి వీపంతా పుప్పొడి. ఆ వీపుతోనే పక్క మొక్క పువ్వులోకి వెళుతుంది. నువ్వు తనంతట తాను కూడా గింజ కడుతుంది, ఆ సంగతి రైతు దగ్గర దాచను. కానీ ఈగ తిరిగిన చేలో గింజ ఎక్కువ కడుతుంది. మొక్క ఊరికే తేనె పంచిపెట్టదు, అది కూలి.

కూలి పుచ్చుకుని పని ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. ఇళ్ళ ముందు పెంచే టెకోమా పసుపు గంటల్ని ఓసారి తిప్పి చూడండి, అడుగున చిన్న గాటు కనిపిస్తుంది. అది నల్ల తుమ్మెద పని. లావుపాటి ఒళ్ళు గొట్టంలో పట్టదు కాబట్టి బయటినుంచే మొదలు చీల్చి తేనె పీల్చుకుపోతుంది. కేసరాన్ని గాని, కీలాగ్రాన్ని గాని తాకనే తాకదు. దాని వెనకే మా తేనెటీగ వచ్చి అదే గాటులో నాలిక పెడుతుంది. జొన్నచేలోనూ అంతే. జొన్నకు గాలి చాలు, ఈగతో పనిలేదు. అయినా మావి కాళ్ళనిండా పుప్పొడి మోసుకొస్తాయి. నా ఈగలని వెనకేసుకురాను, అక్కడ అవి దొంగలే.

అదే తుమ్మెద వంగతోటలో దొర. వంగపువ్వులో తేనె ఉండదు, ఉన్నది పుప్పొడే. అదీ కేసరాల కొసన సన్నటి రంధ్రంలోంచి రావాలి. తుమ్మెద పువ్వుని కరిచి పట్టుకుని, రెక్కలు కదపకుండానే రెక్కల కండరాలను ఝుమ్మని అదిరిస్తుంది. పుప్పొడి జల్లున దాని పొట్టమీద రాలుతుంది. మా తేనెటీగకు ఈ విద్య రాదు. అందుకే వంగ రైతు పెట్టెలు అడిగితే వద్దనే చెబుతాను. గట్టుమీద ఎండిన మోడు ఒకటి నరక్కుండా ఉంచమంటాను. తుమ్మెద గూడు తొలుచుకునేది అందులోనే. బేరం పోతుంది, పోనీ.

నువ్వు చేలో ఆకు తినేవాటిలో ఒకదానితో నాకు సొంత పగ ఉంది. వేలంత లావు పచ్చపురుగు, తోకమీద కొమ్ము. ఆకులు నమిలి నేలలో దిగి కోశస్థమవుతుంది. మళ్ళీ లేచేసరికి వీపుమీద పుర్రె బొమ్మ ఉన్న పెద్ద రెక్కలపురుగు. పట్టుకుంటే కీచుమని అరుస్తుంది. రాత్రిపూట పెట్టెలో దూరి, పొట్టి ముక్కుతో మైనం మూత పొడిచి తేనె తాగుతుంది. పిల్లగా రైతు ఆకు, పెద్దయ్యాక నా తేనె! ఆ పురుగుల్ని చేత్తో ఏరెయ్యండి, లోతు దుక్కి దున్ని కోశాలను కాకులకి వదలండి అని రైతుకి చెప్పేటప్పుడు నా స్వార్థం కూడా ఉంది.

ఆకు తినేవాళ్ళ మీదికి మొక్క విషం దాచుకుంటుంది. ఆ విషమే తేనెలోకి వస్తే ఏమవుతుందన్నది నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న. కాఫీ, బత్తాయి పూల తేనెలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది. శాస్త్రవేత్త జెరాల్డిన్ రైట్ బృందం 2013లో తేల్చిన సంగతి ఇది: ఆ మోతాదు ఈగకు చేదనిపించదు, పైగా కెఫీన్ రుచి చూసిన ఈగల్లో మూడురెట్లు ఎక్కువ ఈగలు ఒకరోజు గడిచాక కూడా ఆ పూల వాసనను గుర్తుపట్టాయి. పురుగును తరిమే మందే, చిటికెడైతే, ఈగను మళ్ళీ రప్పిస్తుంది. బత్తాయి తోటలో పెట్టెలు దింపినప్పుడల్లా నాకిది తలపుకొస్తుంది, మొక్క తెలివికి ఒళ్ళు పులకరిస్తుంది.

మనిషి కొట్టే మందుకు ఆ కొలత లేదు. పొద్దున కొట్టిన చేలోంచి తిరిగొచ్చిన ఈగలు పెట్టె గుమ్మం ముందు గింగిరాలు తిరిగి కుప్పగా పడతాయి. అందుకే పెట్టెలు దింపకముందే మాట తీసుకుంటాను: మందు తప్పదనుకుంటే ముందురోజే కబురు పెట్టాలి, పొద్దుగూకాక కొట్టాలి. నువ్వు చేలో ఇది సులువు. ఆనాటి పూలన్నీ అప్పటికే రాలిపోయి ఉంటాయి, విప్పారిన పువ్వుమీద మందు పడదు. నేనూ మర్నాడు గుమ్మాలు ఆలస్యంగా తీస్తాను. కంది పువ్వు అలాకాదు, ఒక్కోటి మర్నాటిదాకా విప్పారే ఉంటుంది. కాయతొలుచు పురుగు పూతలోనే తగులుతుంది కాబట్టి కంది రైతుకూ ఆగే వీలుండదు.

"రేపు రాత్రి కొట్టేస్తానబ్బాయ్, ఆగితే పంట దక్కదు."

"సరే బాబాయ్, ఇవాళ చీకటిపడి ఈగలు గూటికి చేరాక బండి తెస్తాను."