అబ్బా కొన్న డబ్బా

బటన్ నొక్కితే లోపల ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరిగి ఆగిపోతున్నది. మళ్లీ నొక్కితే అదీ లేదు. సంగారెడ్డిలోని మా ఇంట్లో బీరువా మీద దాదీ పాత చీర కప్పుకొని ఏండ్ల తరబడి పడుకున్న కంప్యూటర్ ఇది. దించి తుడిచి ప్లగ్గు పెట్టిన. బల్బు పెట్టి సాకెట్ చూసిన, కరెంటు ఉంది. వైరు మార్చిన. ఊహూ.

2002లో అబ్బా పనిచేసే పటాన్‌చెరు ఫ్యాక్టరీ మూతబడ్డది. చేతికిచ్చిన లెక్కలోంచి కొంత తీసి, నన్ను సికింద్రాబాద్ సీటీసీకి తోలుకపోయి ఇది కట్టించిండు. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్. నేనప్పుడు బీఏ అయిపోయి, అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన పైసలు తీసుకునే విలేకరిని. ఏండ్లకేండ్లు రసాయనాల వాసన బట్టల మీద మోసుకొచ్చిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చొని ఒక్కటే అడిగిండు: "ఇది ఉర్దూ కూడా రాస్తదా?"

రాసింది. తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్. ఉర్దూ పేపర్లను కాతిబ్‌లు చేత్తో రాసే కాలం నుంచి బయటపడేసింది నూరీ నస్తాలీఖ్ అక్షరం. మీర్జా అహ్మద్ జమీల్ ఇరవై వేల దాకా అక్షర కూర్పులను ఒక్కొక్కటిగా రాస్తే, 1981లో లాహోర్ 'జంగ్' పేపర్ ఆ అక్షరాలతో వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చినంక అవే అక్షరాలు మాసొంటోళ్ల టేబుల్ మీదికొచ్చినయి. ఒకే తెర మీద ఒక కిటికీలో గీత కుడి నుంచి ఎడమకు నడిచేది, ఇంకో కిటికీలో ఎడమ నుంచి కుడికి. నాకదేమీ వింత కాదు. ఇంట్లో ఒక మాట, గల్లీ దాటితే ఇంకో మాట. పుట్టినప్పటి నుంచి అట్లనే నడుస్తున్న.

ఇప్పుడు దీన్ని బతికించాలని ఎందుకంత తండ్లాట? ఒక్క ఫైలు కోసం.

2003లో దాదీ తన కథ చెప్పింది. టేప్ రికార్డర్ పెట్టనియ్యలేదు. నోట్‌బుక్కులో రాసుకొని, రాత్రిళ్లు ఇన్‌పేజ్‌లో కొట్టిన. నోట్‌బుక్కును పాతింట్లో చెదలు తిన్నయి. ఫ్లాపీలో దాచిన కాపీకి బూజు పట్టింది. దాదీ 2006లో పోయింది.

ఆమెది జహీరాబాద్ పక్క పల్లె. 1956 దాకా ఆ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండె. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసిందని పుస్తకాల్లో ఉంటది. పల్లెల్లో ముగియలేదు. సుందర్‌లాల్ కమిటీ తిరిగొచ్చి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటరని రాసింది. బాగా నష్టపోయిన జిల్లాల్లో బీదర్ ఒకటి. ఆ రిపోర్టు 2013లో గాని జనం నోట్లో పడలేదు. దాదీ చెప్పిన రోజుకు దాని పేరు కూడా నాకు తెల్వదు.

దాదాను ఇంట్లోంచి గుంజుకపోయిన్రు. ఊరి బయట బావి దగ్గర వరసగా నిలబెట్టిన్రు. దాదీ అబ్బాను చంకనేసుకొని జొన్నచేన్ల దాక్కున్నది. రెండో రాత్రి పక్కింటి లింగాయతుల అవ్వ వెతుక్కుంటూ వచ్చి, తన చీర కట్టి, నుదుటి మీద ఇంత కుంకుమ పెట్టి ఇంట్లకు తీసుకపోయింది. వచ్చినోళ్లకు "నా కోడలు" అని చెప్పింది. పందొమ్మిది రోజులు.

నేను దీన్ని రెండు పేపర్లకు రాసిన. తెలుగు పేపర్లో అవ్వ ఉంది, కుంకుమ ఉంది. దాదా మాత్రం "అల్లర్లలో చనిపోయాడు" అన్న ఒక్క ముక్క అయిండు. ఉర్దూ పేపర్లో బావి ఉంది, నిలబెట్టినోళ్ల పేర్లున్నయి. కుంకుమ లేదు. అవ్వ "పొరుగింటి నేక్ ఔరత్" అయి ఒక వాక్యంలో దాటిపోయింది. ఏ సబ్ ఎడిటరూ కోసింది కాదు. పంపకముందే నేనే కోసుకున్న. ఇక్కడోళ్లు ఏమనుకుంటరో, అక్కడోళ్లు ఏమనుకుంటరో! రెండు చోట్లా మంచి పేరొచ్చింది. దాదీ చెప్పింది చెప్పినట్టున్నది ఈ డబ్బాలో ఒక్కటే.

ఆటోలో వేసుకొని పటాన్‌చెరు పోయిన. బస్టాండు దగ్గరి రిపేరు దుకాణంలో కంప్యూటర్ కంటే చిన్న వయసు పిలగాడు. మూత విప్పంగనే ఇద్దరం తుమ్మినం. ముందుగాల బోర్డుకు పోయే పెద్ద కనెక్టర్ పీకి, అందులో పచ్చ వైరునూ నల్ల వైరునూ పిన్నుతో కలిపిండు. పవర్ సప్లై ఫ్యాను తిరిగింది. "తిరిగిందని నమ్మొద్దన్నా, బరువు పడితే కూలబడ్తది" అని వేరేది తగిలించిండు. ఈసారి ఫ్యాను ఆగలేదు. కానీ పొడుగ్గా కూతలు మొదలుపెట్టింది. ర్యామ్ అన్నడు. ముక్క తీసి, బంగారు రంగు అంచును పిలగాండ్ల రబ్బరుతో రుద్ది మళ్లీ నొక్కిపెట్టిండు. తెర మీద అక్షరాలొచ్చినయి: సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ సచ్చిపోయింది, తేదీ 2002 జనవరి 1 అని చూపిస్తున్నది. మూడు వోల్టుల బిళ్ల లేక యంత్రం అబ్బా బతికున్న రోజులకు పోయి కూర్చున్నది. ఆ తేదీ మార్చొద్దని నోటిదాకా వచ్చింది, అనలేదు.

కొత్త బిళ్ల వేసినంక డిస్క్ బూట్ ఫెయిల్యూర్ అన్నది. పిలగాడు టార్చి వేసి చూపించిండు. ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నయి. 2000 తర్వాత కొన్నేండ్లు తయారైన చాలా బోర్డులకు ఈ రోగమే వచ్చింది.

"దీనితో కొట్లాడుడు వద్దన్నా. నీకు బోర్డు కావాల్నా, అందులో ఉన్నది కావాల్నా?"

నేను పొద్దటి నుంచి అడగాల్సిన ప్రశ్న అది. హార్డ్ డిస్క్ విప్పి, వెడల్పు పట్టీ కేబుల్ తీసేసి, యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి తన ల్యాప్‌టాప్‌కు తగిలించిండు. టకటక కొట్టుకుంటే వెంటనే ఆపేస్తనని ముందే చెప్పిండు. కొట్టుకోలేదు. మెల్లగా ఫోల్డర్లు తెరుచుకున్నయి. అను ఫైళ్లు తెరిస్తే ఫాంటు లేక ఇంగ్లిష్ అక్షరాల చెత్త. ఇన్‌పేజ్ ఫైలు అసలు తెరుచుకోనే లేదు. ఫైలు పేరు మాత్రం కనిపిస్తున్నది: దాదీ.

"ఇది అరబీనా భాయ్?" అన్నడు.

ఉర్దూ అన్న. పొద్దంతా అన్నా అన్న పిలగాడు సాయంత్రానికి భాయ్ అన్నడు. మనసులో ఏమీ పెట్టుకొని అనలేదు, మంచోడే. రబ్బరు రుద్దినందుకు పైసలు కూడా తీసుకోలేదు. కానీ నేను లెక్కపెట్టుకున్న. ఈ లెక్క నాకు అలవాటు.

హైదరాబాద్‌లోని ఉర్దూ పేపర్ దోస్తు కొత్త ఇన్‌పేజ్‌లో తెరిచి, యూనికోడ్‌లోకి మార్చి పంపిండు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది గానీ, మా ఇంట్లో దాన్ని చదివేది నేనొక్కన్నే. బిడ్డ ఇంగ్లిష్ మీడియం. ఆమెకు ఫోన్‌లో తెలుగు టైపింగ్ మాత్రం నాకంటే బాగా వచ్చు. నేను దాదీ దక్కనీని చదివి తెలుగులో చెప్తున్న, ఆమె కొడుతున్నది. బావి దగ్గర పేర్లు చదువుతుంటే నా గొంతు ఆగింది. ఆమె ఎదురుచూసింది. కుంకుమ దగ్గర ఆమె వేళ్లు ఆగినయి.

"ఇది నువ్వెప్పుడూ చెప్పలే గదా అబ్బా?"

"తెలుగు పేపర్ల రాసిన."

"బావి?"

"అది ఉర్దూల రాసిన."

నా దిక్కు కొంచెం సేపు చూసి, మళ్లీ ఫోన్ ఎత్తింది. "పేర్లు మళ్లొకసారి చెప్పు, స్పెల్లింగ్ తప్పు పోవద్దు."