మూడో పైపు

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మతో తురకంలో మాట్లాడతాం. అది పుస్తకాల ఉర్దూ కాదు, మా రాయలసీమ దక్కనీ. వీధిలో తెలుగు. నేను పొట్టకూటికి రాసేదీ తెలుగే. ఈ రెండూ పేచీ పడకుండా కలిసి బతికే చోటు మెకానిక్ షెడ్డు. పానా, మరమ్మతు, తనిఖీ, నాజిలు, పంపు అన్నీ అక్కడ ఒకే గ్రీజు పూసుకుని ఉంటాయి. ఉర్దూ ముక్క రాని రైతు కూడా "బండి మరమ్మతుకొచ్చింది" అంటాడు. ఆ మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా తన నోటికి చేరిందని అతనికి పట్టదు. పట్టాల్సిన పనీ లేదు.

ముస్లిం అంటే నవాబు, గజల్, బిర్యానీ. కాకపోతే బాంబు. ఈ రెండింటి మధ్య మేమెక్కడ బతుకుతున్నామో చూడాలంటే షెడ్డుకు రావాలి. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికులు ఎక్కువగా కనబడే పనుల్లో వాహనాల మరమ్మతును కూడా చేర్చింది. ఆ సంగతి తెలియడానికి మాకు కమిటీ అక్కర్లేదు. పెళ్లి దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవాళ్ల గోళ్లు చూస్తే చాలు. సబ్బుకు పోని నలుపు ఉంటుంది.

మా తమ్ముడు ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. నేను బి.ఏ. చదివి పత్రికలో చేరాను. వాడు లారీ క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరై, చివరికి మూడు చేతులు మారిన డీజిల్ పికప్ ఒకటి కొనుక్కున్నాడు. నాలుగు సిలిండర్ల పాత ఇంజను, మైకో పంపు. రాత్రి పల్లెల్లో టమోటా ఎత్తుకుని తెల్లారేసరికి మదనపల్లె మండీలో దించాలి. వేలం అయిపోయాక చేరితే రైతుకు ధర పోతుంది, వాడికి బాడుగ పోతుంది. ఆ బాడుగ మీదే ముగ్గురు పిల్లల ఫీజులు.

అట్లాంటి బండికి మిస్సింగ్ వచ్చింది. నిలబెట్టి ఇంజను నడిపిస్తే జ్వరమొచ్చినట్టు వణుకు. ఖాళీగా ఉంటే ఎట్లో పోతుంది, లోడుతో గట్టెక్కమంటే లాగదు. చెవిపెట్టి వింటే దెబ్బకీ దెబ్బకీ నడుమ ఒక ఖాళీ.

తలా ఒక తీర్పు చెప్పారు. డీజిల్ కల్తీ అన్నారు తోటి డ్రైవర్లు. ఇంజను దింపాల్సిందే అన్నాడు రోడ్డు మీది షెడ్డువాడు. దింపితే వేలల్లో ఖర్చు, వారం రోజుల బాడుగ గోవిందా. మండీలో ఒక పెద్దమనిషి మాత్రం "సాయిబుల బండి కదప్పా, మరమ్మతు మీదనే నడుస్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తమ్ముడూ నవ్వాడు. అట్లా నవ్వడం మాకు అలవాటు.

చివరికి మా పేటలోని ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాం. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. కళ్లద్దాలకు ఒక కాడ లేదు, దారం కట్టుకున్నాడు. పోయినవెంటనే పానా పట్టలేదు. "పహెలే సున్నా, బాద్ మే ఖోల్నా" అన్నాడు. ముందు వినాలి, తరువాత విప్పాలి.

ప్రశ్నలు మొదలుపెట్టాడు. చల్లగా ఉన్నప్పుడు మిస్సవుతోందా, వేడెక్కినాక కూడానా? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా ముదిరిందా? పొగ ఏ రంగు? డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి డీజిల్ అంటుకోవాలి. డీజిల్ పడి, కాలకుండా బయటికొస్తే పొగ తెల్లగా ఉంటుంది. డీజిల్ ఎక్కువై గాలి చాలకపోతే నలుపు. ఇంజను ఆయిలు కాలుతుంటే నీలం. మా బండి మిస్సవుతోంది గానీ తెల్లపొగ లేదు. ఆ ఒక్క మాట విని ఉస్తాద్ తలూపాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు.

డీజిల్ ఫిల్టరు కింద పేరుకున్న నీళ్లు వదిలాడు. చేతిపంపు కొట్టి, లైనులో గాలి బుడగలు ఉన్నాయేమో చూశాడు. లేవు. అప్పుడు ఇంజను నడుస్తుండగానే నాజిళ్లకు పోయే నాలుగు పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త లూజు చేయడం మొదలుపెట్టాడు. గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి చేశాడు. మమ్మల్ని దూరంగా నిలబడమన్నాడు. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

మొదటి నట్టు వదిలితే ఇంజను కుంగింది. అంటే ఆ సిలిండరు అంతవరకూ పని చేస్తున్నట్టే. బిగించాడు. రెండోది వదిలాడు, మళ్లీ కుంగింది. మూడోది వదిలాడు. ఏ మార్పూ లేదు. వణుకు అదే, శబ్దం అదే. నాలుగోది వదిలితే కుంగింది.

"అయితే మూడోది చచ్చిపోయింది" అన్నాడు తమ్ముడు.

"మరా నైఁ బేటా, భూకా హై" అన్నాడు ఉస్తాద్. చావలేదురా, ఆకలితో ఉంది.

మళ్లీ చూపించాడు. మిగతా పైపులు వదిలినప్పుడు డీజిల్ నాడి కొట్టుకున్నట్టు చిమ్ముతోంది. మూడో పైపు దగ్గర ఊరికే చెమ్మ. డీజిల్ అక్కడిదాకా వస్తే కదా కాలడానికి! తెల్లపొగ లేకపోవడానికి కారణం అదే. ఇంజను ఆపి పైపు ఊడదీసి ఊదాడు, బాగానే ఉంది. పంపు మీద మూడో డెలివరీ వాల్వు విప్పాడు. లోపలి స్ప్రింగు రెండు ముక్కలైంది. వాల్వు కడిగి, కొత్త స్ప్రింగు వేసి, గాలి తీసి స్టార్టు చేశాడు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. అది ఆ ఇంజను కొట్టే వరస. ఈసారి మూడోది కూడా తన వంతుకు కొట్టింది. ఇంజను దింపే పనే పడలేదు.

నా వృత్తిలో రోజూ వాడే మాటలు చూడండి. ఫిర్యాదు, దర్యాప్తు, ముద్దాయి, జామీను. అరబ్బీ, పారసీల నుంచి మా ఇళ్ల మీదుగా తెలుగు పోలీస్ స్టేషనుకు చేరిన మాటలివి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తనకు అన్యాయం జరిగిందని చెప్పుకునేవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి నేరం మోపబడ్డవాడయ్యాడు. మాటలు దారిలో తిరగబడడం మామూలే. మా బతుకులో మాత్రం అది నిఘంటువుతో పోయే సంగతి కాదు.

2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. చనిపోయినవాళ్లు నమాజుకు వచ్చినవాళ్లు. ఆ తరువాత పట్టుకుపోయింది కూడా ముస్లిం పిల్లల్నే. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. అప్పటికి ఏళ్లు పోయాయి. పట్టుకున్న రోజు పేర్లు మొదటి పేజీల్లో వచ్చాయి. వదిలిన రోజు వార్త ఎంత చిన్నదో పత్రికల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. నాలుగు నట్లూ లూజు చేసి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ముందే ఒక సిలిండరుకు పేరు పెట్టేశారు.

ఇప్పటి బండ్లకు ఉస్తాద్ పద్ధతి పనికిరాదు. కామన్ రెయిల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, నడుస్తుండగా నట్టు ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. స్కానరు తగిలిస్తే పి0303 అని కోడు వస్తుంది. మూడో సిలిండరు మిస్సవుతోందని దానర్థం. ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకు కోసం ఇప్పటికీ ఒక మనిషి వంగి వినాలి.

ఉస్తాద్ మనవడు ఐ.టి.ఐ. చదివాడు. స్కానరు కొందామని అప్పు కోసం ఒక బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. పేట పేరు చెప్పగానే అక్కడి గొంతు మారిందంటాడు. పిల్లవాడి అపోహ అని కొట్టిపారేయలేను. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను నెగెటివ్ జోన్లుగా పెట్టుకున్నాయని అదే సచార్ నివేదిక రాసింది.

మీ పిల్లలు ఎందుకు చదవరు, ఎప్పుడూ ఆ పానాలేనా అని సభల్లో మమ్మల్ని అడుగుతుంటారు. మతం అనీ, మదరసా అనీ జవాబు కూడా వాళ్లే చెబుతారు. ఇంజను దింపేయమన్నట్టు పాకిస్తాన్‌కు పొమ్మనేవాళ్లు సరేసరి. మా లోపల చెడింది ఏమీ లేదని నేననను. ఏ ఇంజనుకైనా అరుగుదల ఉంటుంది. కానీ మూడో సిలిండరు పనికిరాదని రాసుకునేముందు మూడో పైపులో డీజిల్ వస్తోందో లేదో చూడమంటున్నాను.

ఉస్తాద్ మనవడు సోమవారం మళ్లీ బ్యాంకుకు పోతున్నాడు. ఈసారి వాడి వెంట నేనూ పోతున్నాను.