మూటకు తాళం ఉండదు

'ఎన్‌కోడింగ్' అనగానే అదేదో గూఢచారుల రహస్యలిపి అనుకునే మిత్రులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. కాదు మహాప్రభో అని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

లైనక్స్ కంప్యూటర్లో నల్లతెర మీద టైపు చేసే ఆజ్ఞ ఒకటుంది. పేరు బేస్64. ఏ సమాచారమిచ్చినా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, రెండు గుర్తులు, మొత్తం 64 వేషాల్లోకి మార్చేస్తుంది. ఈమెయిలు మొదట్లో ఇంగ్లీషు అక్షరాలనే మోసేది. బొమ్మలూ పాటలూ దానిలో పోవాలంటే ఈ వేషం కావలసివచ్చింది. మూడు బైట్లు పోస్తే నాలుగు అక్షరాలొస్తాయి. మన విమానాశ్రయం సంకేతం హెచ్.వై.డి. ఇస్తే 'ఎస్, ఎఫ్, చిన్న ఎల్, ఈ' అని వచ్చింది. (2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పుడు ఈ మూడక్షరాలూ బేగంపేట నుంచి సామానుతోపాటే తరలివచ్చాయి. బేగంపేటకు బి.పి.ఎం. మిగిలింది, పాపం!)

తర్వాత తెలుగులో 'శంషాబాద్' ఇచ్చి చూశాను. యూనికోడ్ లెక్కలో అది ఎనిమిది గుర్తులు: శ, సున్న, ష, దీర్ఘం, బ, మళ్లీ దీర్ఘం, ద, పొల్లు. ఒక్కోటి మూడు బైట్లు. 24 బైట్లు పోతే 32 అక్షరాలొచ్చాయి. తీరా చూస్తే ప్రతి నాలుగింటిలో మొదటిది 4, రెండోది ఎల్! మూడోది సి, ఒక్క పొల్లుకే జి. దీర్ఘం ఉన్న రెండుచోట్లా చివర కూడిక గుర్తు. ఓపికుంటే కాగితం మీదే విప్పెయ్యొచ్చు. ఓపిక లేకపోతే అదే ఆజ్ఞకు 'మైనస్ డి' తగిలిస్తే సరి, శంషాబాద్ తిరిగొస్తుంది. తాళంచెవి ఏదని ఎవరూ అడగరు.

ఇదంతా ఎందుకంటే, ఏటా మనవాళ్లు ఎం.ఎస్. చదువుకని శంషాబాద్‌లో విమానమెక్కుతున్నారు. ఎక్కేముందు బోర్డింగ్ పాస్ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. పేరు మీద బొటనవేలు అడ్డం. పక్కనున్న బార్‌కోడ్ మాత్రం బాహాటం. మొన్న ఒక జూనియర్‌ను ఆపితే, "ఆ చుక్కలు ఎవరు చదువుతరన్నా?" అన్నాడు.

ఫోన్లో ఒక ఉచిత యాప్ చదువుతుంది నాయనా! అదీ ఇలాంటి మూటే. పేరు, విమానం నంబరు, సీటు, బుకింగ్ నంబరు అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. తేదీని మాత్రం ఏడాదిలో ఎన్నో రోజో లెక్కగట్టి రాస్తారు. ఇంటిపేరూ ఆ బుకింగ్ నంబరూ దొరికితే చాలు, ఎన్నో విమాన సంస్థల సైట్లలో టికెట్టు తెరుచుకుంటుంది. సీటు మార్చొచ్చు, ఒక్కోచోట తిరుగు ప్రయాణమే రద్దు చెయ్యొచ్చు. ఇంట్లో బంగారం కుదువబెట్టి కొన్న టికెట్టు!

ఈ మాట విన్నాక స్టేటస్ తీసేశాడు. కాసేపాగి, "మరి విమానం రెక్క ఫొటో పెట్టొచ్చా అన్నా?" అన్నాడు.

నిక్షేపంగా పెట్టుకోమన్నాను.