నడుము కొలత

తోలు బెల్టు కొందామని దుకాణానికి వెళితే అక్కడి కుర్రవాడు మొదట అడిగే మాట "పాంటు సైజెంతండీ?" అని. ఆ అంకె చెప్పి తెచ్చుకున్న బెల్టు ఇంటికొచ్చి పెట్టుకుంటే చివరి బెజ్జం దగ్గర ఊపిరి బిగబడుతుంది. తప్పు కుర్రవాడిది కాదు, పెట్టుకున్నవాడి పొట్టదీ కాదు. దర్జీ చెప్పే అంకె ఒకటి, బెల్టు అడిగే అంకె మరొకటి. చొక్కా దోపుకుని, పాంటు మీద, బెల్టు ఎక్కడ నిలుస్తుందో అక్కడ చుట్టి చూస్తేగాని అసలు కొలత తేలదు. అది సాధారణంగా పాంటు సైజు మీద రెండంగుళాలు ఎక్కువే వుంటుంది. ఇక ఆ బెల్టుకు తుపాకీయో తూటాలో తగిలించాలంటే లెక్క ఇంకా ముదురుతుంది.

ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదివినవి కావు. నెల్లూరు సముద్రతీరాన, పులికాటు సరస్సుకు దాపున వున్న మా ఊళ్లో ఒక ముసలాయన పని చేస్తూంటే చూసి తెలుసుకున్నవి.

మా నాయన గ్రామ మునసబు. ఇంట్లో జోడుగొట్టాల తుపాకీ వుండేది, పన్నెండు బోరుది. పన్నెండు బోరు అంటే ఏమిటని చిన్నప్పుడు ఎవరినడిగినా చెప్పేవారు కాదు. ఒక పౌను సీసాన్ని సమంగా పన్నెండు గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో గొట్టం రంధ్రం అంత వుంటుందన్నమాట. ఆ తుపాకీకి లైసెన్సు వేరుశనగ చేల మీద పడే అడవిపందుల కోసం. కాని కార్తీకం వెళ్లి చలి పడేసరికి పులికాటు మీద బాతులు దిగేవి, మా నాయనకు పందుల మాట మరుపున పడేది. ఇదంతా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి ముందు మాట. ఇప్పుడు పులికాటు పక్షులకు రక్షిత స్థలం. జనం బైనాక్యులర్లు మెడలో వేసుకుని వెళుతున్నారు, అదే బాగుంది.

వేటకు తూటాల బెల్టు కావాలి. ఇరవై అయిదు తూటాలు కిలో పైనే తూగుతాయి. ఆ బరువు మోస్తూ మోకాలి లోతు బురదలో నడవాలి. పల్చటి తోలయితే రెండో రోజుకే మెలికపడి మొలతాడయిపోతుంది. అందుకని మంచి బెల్టు రెండు పొరల తోలుతో కుడతారు.

ఆ తోలు తయారీ ఒక పెద్ద కథ. పల్లె వెనక లందలు వుండేవి. పచ్చి చర్మాన్ని కడిగి, రోజుల తరబడి సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుక గీకి, లోపలి మాంసపు పొర తీసి, ఆ తరువాత తంగేడు చెక్క నానిన నీళ్లలో వారాల కొద్దీ వుంచేవారు. తరువాత కరక్కాయ, ఆపైన నూనె. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే తంగేడు పువ్వు చెట్టే అది. దాని బెరడులోని వగరు చర్మాన్ని కుళ్లనివ్వకుండా తోలు చేస్తుంది. మద్రాసు రాజధాని నుంచి ఇలా పదును చేసిన తోళ్లు ఒకప్పుడు ఓడలకెక్కి ఇంగ్లండు వెళ్లేవి. పశువులే ఓడలెక్కిన సంగతి కూడా వుంది: మన ఒంగోలు ఎద్దులు బ్రెజిలు చేరి అక్కడ "నెలోర్" జాతిగా పేరు తెచ్చుకున్నాయి. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలో వుండేది మరి.

మా ముసలాయన బెల్టుకు దున్న తోలే వాడేవారు. తోలును వెన్నెముక వెంబడి పొడుగ్గా కోసేవారు. పొట్టవైపు తోలు అసలు పొట్టలాగే సాగుతుందనీ, దాన్ని బెల్టుకు వాడితే ఆరు నెలల్లో బెల్టు మోకాళ్ల మీదికి దిగుతుందనీ అనేవారు. రంపెతో అంచులు చెక్కి, ఆరెతో బెజ్జం పొడిచి, తేనెమైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఒకే బెజ్జంలో అటొకటి ఇటొకటి దూర్చి లాగేవారు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు వూడదు. తూటా గూళ్లకు మాత్రం పల్చటి తోలు కావాలి. సరుగుడు కర్రను తూటా కంటె వెంట్రుకవాసి లావుగా చెక్కి, తడి తోలును దాని చుట్టూ బిగించి, నీడన ఆరనిచ్చేవారు. ఆరితే తోలు ముడుచుకుంటుంది, గూడు సరిగ్గా తూటా ప్రమాణానికి వస్తుంది. ఎండలో పెడితే పెళుసెక్కుతుంది. తొందరపడిన మా నాయన ఒకసారి "ఎండలో పెట్టరా, రేపటికి కావాలి" అంటే ఆయన సరేనని తల వూపి, నీడనే పెట్టి మూడో రోజుకు తెచ్చారు.

బెజ్జాలు అయిదు, అంగుళానికి ఒకటి. కొలత బెల్టు మొత్తం పొడుగుకు కాదు. బకిలు దగ్గర మడత నుంచి నడిమి బెజ్జం దాకా. "రెండు బెజ్జాలు పండగ భోజనానికి, రెండు పస్తుకి, నడిమిది మనిషికి" అనేవారాయన.

ఇంతా చెప్పి అసలు చిక్కు చెప్పలేదు. నడుము కొలవాలంటే నడుము చుట్టూ చేతులు వేయాలి. ఆయన మా నాయన నడుము చుట్టూ చేతులు వేయడానికి వీల్లేదు. ఆయన వాకిటి వేపచెట్టు దాటి లోపలికి వచ్చేవారు కాదు. తాను కుట్టిన తోలు మా నాయన ఒంటిని అంటిపెట్టుకుని వుండొచ్చు, తన చేయి మాత్రం తగలకూడదు. అందుకని ఒక తాడు ముక్క అరుగు మీద పెట్టి దూరం జరిగేవారు. మా నాయన దాన్ని నడుముకు చుట్టుకుని, ముడివేసి, మళ్లీ అరుగు మీద పడేసేవారు.

కొలత చుట్టుకునేటప్పుడు పొట్ట లోపలికి లాక్కోని మగవాడు ఈ భూమ్మీద లేడు. మునసబుగారయితే మరీను. ముసలాయన కాసేపు చూసి, మెల్లిగా, "అయ్యా, తమరు గాలి ఇడిసి కట్టండయ్యా. తూటాలు పెట్టినాంక ఎట్టా ఇడవక తప్పదు" అన్నారు. మా నాయన మీసం దువ్వుకుని, వదిలే కట్టానన్నారు. తాడు ముప్పై ఆరంగుళాలు తేలింది. ఆయన ఇంకేమీ అనకుండా తాడు చుట్టుకుని వెళ్లిపోయారు.

1963 సంక్రాంతికి మా అక్కా బావా వచ్చారు. బావ కొత్తగా పోలీసు సబిన్స్పెక్టరు అయ్యారు. నడుముకు వెడల్పాటి బెల్టు, కుడి భుజం మీదుగా ఏటవాలుగా ఇంకో పట్టీ. దాన్ని శాంబ్రౌను బెల్టు అంటారు. 1858లో ఉత్తరదేశపు పోరాటాల్లో ఎడమ చేయి పోగొట్టుకున్న శామ్యూల్ బ్రౌన్ అనే సైనికాధికారి, ఒంటిచేత్తో కత్తి వొర నిలపలేక, నడుం బెల్టుకు భుజం పట్టీ తగిలించుకున్నాడు. బరువు సగం భుజం మోస్తుంది. ఒక కుంటిసాకుకు పుట్టిన వుపాయం సైన్యాలకూ పోలీసులకూ దర్జా అయి కూర్చుంది!

పెళ్లయిన ఏడాదికే బావ బెల్టు చాలకుండా వచ్చింది. ముసలాయనకు కబురు వెళ్లింది. ఆయన అలవాటు ప్రకారం తాడు అరుగు మీద పెట్టారు. బావ ఆ తాడు వంక చూసి, అరుగు దిగి, వేపచెట్టు కిందికి నడిచి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. "నువ్వే కొలువు పెద్దాయనా. నాకు చేతకాదు" అన్నారు.

ముసలాయన కదల్లేదు. మా నాయన వంక చూశారు. మా నాయన ఏదో కాగితం చదువుతున్నట్టు తల వంచుకున్నారు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయవలసిన ఉద్యోగి ఎదురుగా చేతులెత్తి నిలబడి వున్నాడు. అయినా ఆ నాలుగడుగులు వేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. చేతులు పంచెకు తుడుచుకున్నారు. తాడు చుట్టారు. చుట్టాక, పనివాడి గొంతు వచ్చేసింది: "పిస్తోలు పెట్టుకోండి బాబూ. ఉత్త నడుముకు కొలిస్తే రేపు జారిపోద్ది." బావ బుద్ధిగా లోపలినుంచి రివాల్వరు తెచ్చి, ఒరలో పెట్టుకుని మళ్లీ నిలబడ్డారు.

మా నాయనమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అల్లుడు స్నానం చేసి వస్తేగాని విస్తరి వేయవద్దని లోపల్నుంచే హుకుం. బావ స్నానం చేయలేదు. పడక కుర్చీలో దినపత్రిక చదువుకుంటూ కూర్చున్నారు. మా అక్క వంటింటి గుమ్మంలో కళ్లు తుడుచుకుంటోంది. పొద్దు వాలింది. చివరకు మా అమ్మ, ఎవరినీ అడగకుండా, అరిటాకు వేసి అరిసెలు వడ్డించింది. నాయనమ్మ ఆ పండగ మూడు రోజులూ పలకలేదు.

మా నాయన మారలేదు. బతికినన్నాళ్లూ తాడు చుట్టుకునే ఇచ్చారు.

మద్రాసు అడయారులో 1948లోనే కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ వెలిసింది. 1958లో దానికి డైరెక్టరయిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి దగ్గర యలవర్రులో రైతుబిడ్డ. అమెరికాలో డాక్టరేటు చేసి వచ్చి తోలునే తన శాస్త్రం చేసుకున్నారు. ఆయన 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయినప్పుడు మా బావ ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నారు.

తోలు వస్తువులు ఇంట్లో వున్నవారికి ఒక మాట. మా తీరాన వానాకాలంలో తోలుకు బూజు పట్టడం ఖాయం. పొడిగుడ్డతో తుడిచి, నీడన గాలికి వేలాడదీసి, ఆపైన చుక్క ఆముదం వేళ్లతో రుద్దాలి. ఎక్కువయితే తోలు మెత్తబడి వాలిపోతుంది. తూటాలు మాత్రం బెల్టులో దాచకూడదు. తోలులోని వగరు ఇత్తడిని తిని పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఆ రోజుల్లోని కాగితపు తూటాలయితే తేమకు ఉబ్బి గూట్లోంచి ఊడి వచ్చేవి కావు. బాతు ఎగిరిపోయాక మా నాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తుపాకీ ఎప్పుడో ప్రభుత్వానికి అప్పగించేశాం. బెల్టు మాత్రం పెట్టెలో వుండిపోయింది. ముసలాయన మునిమనవరాలు తడ దగ్గర మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. ఆమధ్య పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి కూర్చున్నప్పుడు బెల్టు తీసి చూపించాను. ముందు కుట్లు లెక్కపెట్టింది: "అంగుళానికి ఏడు సార్. చేత్తోనా!" అంది. తరువాత సంచిలోంచి టేపు తీసి బకిలు మడత నుంచి నడిమి బెజ్జం దాకా పరిచింది. ముప్పై ఎనిమిది. అయిదు బెజ్జాల్లోనూ వాడి వాడి సాగినది ఆ నడిమిదొక్కటే.

"దీన్ని మా ఇంట్లో పెట్టుకుంటాం, ఇస్తారా?" అని అడిగింది. గూళ్ల అంచున మిగిలిన చిలుము పాతగుడ్డతో తుడిచి ఇచ్చాను.