చెరుకుపల్లిలో చూపు గీచిన గీత

తెనాలి, రేపల్లె, బాపట్లలకు చేరువనున్న చెరుకుపల్లికి మేము పోయిన దినమున, పొలముగట్టు తాడిచెట్టును కాగితము వంక చూడకయే, కలము నెత్తకయే గీచితిమి. అమెరికా చిత్రలేఖన గురువు కిమాన్ నికొలాయిడీస్ గ్రంథము, ఆయన మరణానంతరము 1941లో వెలువడినది, ఇట్టి సాధనమునే బోధించును: కన్ను వస్తువు నంచువెంట నెంత మెల్లగా నడచునో, చేయియు నంత మెల్లగా నడువవలెను.

మ్రాను వంకరవోయెను, మట్టలు మొదటిపై బడెను. ఐనను చెఱపలేదు. గీతలు ఒండొంటిని దాటినచోట నేర్పడిన గదులలో కొన్నింటిని పసుపుతోను, కొన్నింటిని నీలితోను నింపి, తక్కినవి తెల్లగా విడిచితిమి. మ్రాని యంచును మాత్రము సిరాతో లావుగా దిద్దగా చిత్రము నిలిచినది.

సోదరీమణులారా! చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టు మన చేతికి గీత తప్పునను భయము మెండు. అందుచే ఎదుటనున్నదానిని విడిచి, తెలిసినదానినే గీయుచుందుము. రాలిన మట్టల గుర్తులు తాడిమ్రాని చుట్టును వలయములై యుండుట మాకు జూపినది ఆ వంకరగీతయే.