ఉక్కులోని కల్తీ

కరీంనగర్, ఆదిలాబాద్ సీమలలోని పల్లెల చేలలో నల్లని బరువైన గడ్డలు కొన్ని కానవచ్చును. వానిని చిట్టెమందురు. పూర్వము ఇనుము కరగించిన కొలుముల నుండి వెలువడిన మడ్డి అది. 2010లో బెంగుళూరు, ఎక్సెటర్ నగరముల పరిశోధకులు ఊరూర తిరిగి ఇట్టి దిబ్బలను లెక్కకు ఎక్కించిరి.

ఈ సీమ అంచుననే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి ఉక్కు పారశీకమునకు పోయెడిది. దానిని కొనుటకు ఇస్పహాను వర్తకులు స్వయముగా వచ్చి, కొలిమి యొద్ద కూర్చుండి, పాళ్ళను తామే తూచెడివారు! హెన్రీ వాయ్సీ అను ఆంగ్ల వైద్యుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసెను. ఆయన 1824లో మరణించగా, ఆ వర్ణన 1832లో అచ్చయ్యెను. ఒక రకపు ఇనుము మూడు పాళ్ళు, వేరొక రకము రెండు పాళ్ళు మూసలో వేయుదురు. మూసను మన్ను, పాత మూసల పొడి, వరి ఊక, నూనె కలిపి చేయుదురు. 24 గంటలు తిత్తులు ఆగరాదు.

రెండు రకములేల అని మీరడుగవచ్చును. శుద్ధమైన ఇనుము మెత్తనిది. దానితో చేసిన కత్తికి వాదర నిలువదు. నూటికి ఒకటిన్నర పాళ్ళ కర్బనము చేరినచో అది మేలైన ఉక్కగును. ఆ పాలు రెండు దాటి మూడు, నాలుగైనచో పోత ఇనుమై, సుత్తిదెబ్బకు పగులును. రసాయనశాల లేని ఆ కమ్మరులు ఈ సన్నని హద్దును తూకముతోనే పట్టిరి.

నేటి కర్మాగారములలో ఇంతకంటె సూక్ష్మమైన పని జరుగుచున్నది. లక్ష పాళ్ళ ఉక్కులో ఒకటి మొదలు మూడు పాళ్ళ బోరాన్ కలిపిన చాలును, కాచి చల్లార్చినపుడు ఉక్కు లోలోపలి వరకు గట్టిపడును. కాని బోరాన్ ఉక్కులోని నత్రజనితో కూడినచో వ్యర్థము. కనుక ముందుగా టైటానియము వేసి నత్రజనిని కట్టివేయుదురు.

దక్షిణదేశపు ఉక్కుతో సాగగొట్టిన ఖడ్గములపై నీటి అలల వంటి చారలు మెరసెడివి. ఆ మర్మమును తెలియగోరి మైకేల్ ఫారడే 1819లో మన ఉక్కును పరీక్షించెను. ఆయనయు కమ్మరి కుమారుడే. కఠినత్వమునకు కారణము అల్యూమినియమని తలచెను; అది సరికాదని పిమ్మట తేలినది. 1998లో వెర్‌హోవెన్ అను ఆచార్యుడును, పెండ్రే అను కమ్మరియు తమ సహచరునితో కూడి వేరొక సమాధానము ప్రకటించిరి. ఖనిజముతోపాటు వచ్చు వెనేడియము వంటి మూలకములే ఆ చారలను తీర్చుననిరి. అది పదివేల పాళ్ళలో ఒక పాలునకు తక్కువగా ఉన్నను చాలునట! ఆ మాలిన్యము గల ఖనిజము దొరకకపోవుట చేతనే ఆ విద్య అంతరించి యుండునని వారి ఊహ. అదే సుత్తి, అదే వేడి, తండ్రి నేర్పిన అదే పద్ధతి ఉండియు చార పొడమకున్నప్పుడు, ఆ కమ్మరి తన చేతిలో ఏ లోపము వెదకికొనెనో!