నడి ఊళ్ళో నీళ్ళు

చెక్ దేశం వెళ్ళొచ్చానంటే అందరూ ఒకే మాట అడుగుతున్నారు. ప్రాగ్‌లో ఆ పాత గడియారం చూశావా, చార్లెస్ వంతెన మీద ఫొటో దిగావా అని. చూశాను, దిగాను. హొలషోవిత్సె అనే పల్లెలో చెరువొడ్డున రెండు గంటలు కూర్చున్నానని చెప్పబోతే మాత్రం, ‘చెరువు చూడ్డానికి అంత దూరమా?’ అని మాట మార్చేస్తున్నారు. ఆ మాట నాకు ముల్లులా దిగబడిపోయింది. అవును, చెరువు చూడ్డానికే. మంచి చెరువుంటే ఎంత దూరమైనా పోవచ్చు.

మా మేనకోడలు ఉండేది ఆ దేశానికి దక్షిణాన, చెస్కే బుద్యెయొవిత్సెలో. అక్కడికి పడమటి వైపునే ఈ పల్లె. అక్టోబరు మొదటి వారంలో పోయాం. దారికి రెండు పక్కలా ఆపిల్ చెట్లు, కింద గడ్డిలో రాలిన కాయలు. ఏరుకునేవాళ్ళు లేక అక్కడే మాగి, పులిసిన వాసన వేస్తున్నాయి. మలుపుల్లో చెట్ల మొదళ్ళ మీద రెండు తెల్ల గీతల నడుమ ఒక రంగు గీత. నడిచి తిరిగేవాళ్ళకు అది దారి గుర్తు. 1889 నుంచీ అక్కడి నడక సంఘంవాళ్ళు వాటిని వేస్తూ, వెలిసినచోట మళ్ళీ దిద్దుతూ వస్తున్నారట. చివరి మూడు కిలోమీటర్లు కారు దిగి ఆ గీతల వెంటే నడిచాం. ఎవర్నీ దారి అడగాల్సిన పని పడలేదు.

ఊరంటే పొడవాటి పచ్చిక మైదానం, దాని చుట్టూ ఇరవై మూడు రైతుల లోగిళ్ళు. ఇళ్ళన్నీ మైదానం వైపే ముఖం పెట్టి నిలబడ్డాయి. పసుపు, లేత ఆకుపచ్చ, గులాబీ రంగు గోడల మీద తెల్ల సున్నంతో మెలికలు తీర్చారు. చుక్కల చుట్టూ తిప్పిన ముగ్గులాగే ఉన్నాయి. ఒక ఇంటి ముందు ఆగి ఆ మెలికను కొసదాకా కళ్ళతో పట్టుకుపోయాను. కిటికీ చుట్టూ తిరిగి, పైకెక్కి, నడినెత్తిన కట్టిన సంవత్సరం అంకెల దగ్గర ముడి వేసుకుంది. ఇంటికీ ధాన్యపు కొట్టుకూ నడుమ బండి పట్టేంత కమాను గుమ్మం. పెద్ద శిల్పులెవరూ వచ్చి చేసింది కాదు, పల్లె మేస్త్రీల చేతి పని.

ఇంత అందంగా ఉన్న ఊరు రెండుసార్లు పాడుబడింది. 1520–25 నడుమ ప్లేగు వచ్చి ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరు పొద్దున లేచి ఒకరినొకరు ఏమని పలకరించుకున్నారో! ఊరు విష్షీ బ్రొద్ మఠానిది కాబట్టి, మఠంవాళ్ళు బవేరియా, ఆస్ట్రియాల నుంచి జర్మన్ రైతులను తెచ్చి నిలిపారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆ జర్మన్ల సంతతిని వెళ్ళగొట్టారు. లోగిళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి. కమ్యూనిస్టుల కాలంలో ఎవరూ పట్టించుకోలేదు, అందుకే కొత్తగా కట్టడానికని పాతవి కూల్చలేదు కూడా. 1990 తర్వాత మళ్ళీ మనుషులొచ్చి బాగుచేసుకున్నారు. 1998లో యునెస్కో జాబితాలోకెక్కింది.

అసలు సంగతి చెరువు. మైదానం నడుమ నీళ్ళు, దాపున 1755లో కట్టిన చిన్న ప్రార్థనాలయం. అందులో వెలసింది నెపొముక్ ఊరి యాన్ అనే సాధువు. 1393లో రాజు ఆయన్ని ప్రాగ్ వంతెన మీంచి నదిలోకి తోయించి చంపించాడు. అప్పటినుంచి ఆయన నీళ్ళకు కాపరి. చెరువు కట్టల మీద, వంతెనల మీద, వరద వచ్చే ప్రతి చోటా ఆయనే ఉంటాడు. అది విన్నాక నాకు ఆ ఊరు పరాయిదిగా తోచలేదు. మా చెరువు కట్ట మీద మైసమ్మ లేదూ? గట్టు తెగకుండా కాపాడమని దండం పెట్టుకునేది ఆమెకే కదా!

వాళ్ళ భాషలో చెరువును ‘రిబ్నీక్’ అంటారు. రిబ అంటే చేప. చేపలోంచే చెరువుకు పేరు పుట్టింది. ఆ పేరు ఎంత నిజమో మరుసటి రోజు త్ర్షెబొన్ పోతే తెలిసింది. అక్కడ పదహారో శతాబ్దంలో యాకుబ్ క్ర్చీన్ అనే ఆయన చెరువుల మీద చెరువులు తవ్వించాడు. ఊరి అంచునే ఉన్న స్వ్యెత్ చెరువు కోసం శివారు ఇళ్ళను ముంచేస్తుంటే జనం ఎదురు తిరిగారు. ఆయన కోపమొచ్చి దానికి ‘కృతఘ్నత’ అనే అర్థం వచ్చేలా నెవ్ద్యెక్ అని పేరు పెట్టాడు. 1584 నుంచి 1590 దాకా కట్టించిన రోజ్మ్‌బెర్క్ చెరువయితే దాదాపు 490 హెక్టార్లు. దాని కట్ట మీద నడిచాను. రెండు వైపులా ఇద్దరు చేతులు చాచినా అందనంత లావు ఓక్ చెట్లు, వాటి వేళ్ళే కట్టను బిగించి పట్టుకున్నాయి. 2002 వరదల్లో కూడా ఆ కట్ట నిలబడింది. నేనక్కడ వెతికింది మాత్రం తూమునూ మత్తడినీ. రెండూ ఉన్నాయి! నీటిని ఆపినవాడు దాన్ని వదలడమూ తెలిసి ఉండాలి. కాకతీయుల కాలంలో పాకాల కట్టించినవాళ్ళకు తెలిసిందీ, క్ర్చీన్‌కు తెలిసిందీ ఆ ఒక్క విద్యే.

శరత్కాలంలో చెరువులు దింపి వలలు వేసి చేపలు పడతారు. అందులో ఎక్కువ మన బంగారు తీగే. క్రిస్మస్‌కు ముందురోజు రాత్రి దాన్ని వేయించి బంగాళాదుంపలతో తినని ఇల్లు అరుదట. పొలుసు ఒకటి పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకు కొదవుండదని నమ్మకం. మేనకోడలు నాకూ ఒకటిచ్చింది. ఎండిన గోరులా ఉంది. ఇంకా పర్సులోనే ఉంది.

చేపలకు పేరుపడ్డ నీళ్ళను వాళ్ళు నాలుగు వందల ఏళ్ళు కాపాడుకున్నారు. మేం కుంట, చెరువు, మడుగు, దొరువు, చెలమ అని నీళ్ళ తీరుకో పేరు పెట్టుకున్నాం. శిఖం ఎక్కడిదాకా, ఆయకట్టు ఎంత అని గీతలు గీసుకున్నాం. ఇన్ని మాటలున్న మా ఊళ్ళో కుంట లేదు. దాన్ని మట్టితో పూడ్చి ఫంక్షన్ హాలు కట్టారు. ఎవరు పూడ్చారో ఊరంతటికీ తెలుసు. ట్రాక్టర్లు రాత్రిపూట తిరిగాయి. మా నాన్న కాగితం రాసుకుని ఆఫీసు చుట్టూ తొమ్మిది నెలలు తిరిగాడు. ప్రతిసారీ అదే కుర్చీ, అదే జవాబు, ‘అది కుంట కాదు, లోతట్టు భూమి’. నాన్న పోయాక కాగితాల కట్ట విప్పితే అడుగున ఆ అర్జీ నకలు ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది. ఇప్పటికీ దాన్ని పారేయలేదు. పారేయను.

ఇప్పుడు సద్దుల బతుకమ్మనాడు మా చెల్లెలు సిమెంటు తొట్టిలో బతుకమ్మను వదులుతుంది. అక్కడ బతుకమ్మలు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఆ కుంట అలా కాదు. పొద్దు గూకాక ఆడవాళ్ళు మోకాలి లోతు దిగేవాళ్ళు. అమ్మ బతుకమ్మకు రంగులద్దిన గునుగు పూలు, మీద తంగేడు, నడుమ గౌరమ్మ. ఎవరిది ఎంత దూరం పోతుందోనని పిల్లలం గట్టు మీద కుక్కిళ్ళు కూర్చుని చూసేవాళ్ళం, చేతిలో మలీద ముద్ద. అమ్మ రెండు చేతులతో నీళ్ళను మెల్లగా వెనక్కి నెట్టేది. ఒక ఏడు మత్తడి పారుతోంది. అందరివీ నడిమిట్లోకి పోయి నిలిచాయి. అమ్మది ఒక్కటే పక్కకు తిరిగి, దీపం ఆరకుండా, మత్తడి వైపు పోయింది.